కుండకు కుమ్మరి తండ్రి కారణమా?

కుండ ఎందువల్ల పుట్టింది? చూడ్డానికి చిన్న ప్రశ్నే. మన న్యాయశాస్త్రం మాత్రం దీన్ని శతాబ్దాల పాటు వదలకుండా పట్టుకుంది. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతో తర్కం మొదలుపెట్టే విద్యార్థికి కుండా బట్టా అడుగడుగునా ఎదురవుతూనే ఉంటాయి. కుండకు ముందు ఎన్నో ఉంటాయి. మట్టి ఉంటుంది, ఆ మట్టితో చేసిన రెండు చిప్పలుంటాయి, కుమ్మరి ఉంటాడు, అతని సారె, దాన్ని తిప్పే కర్ర ఉంటాయి. మట్టి మోసుకొచ్చిన గాడిద ఉంటుంది, కుమ్మరిని కన్న తండ్రి ఉంటాడు. ముందున్నంత మాత్రాన ఇవన్నీ కారణాలేనా? కావంటుంది శాస్త్రం. 17వ శతాబ్దపు వంగదేశ నైయాయికుడు విశ్వనాథ పంచాననుడి పేరుతో ప్రసిద్ధమైన కారికావళి, దాని వ్యాఖ్య సిద్ధాంత ముక్తావళి, కారణంలా కనిపిస్తూ కారణం కానివాటిని ఐదు రకాలుగా విడదీశాయి. వీటికి అన్యథాసిద్ధాలని పేరు. కర్రలోని కర్రతనం ఒకటి, కర్ర రంగు ఒకటి, ఆకాశం ఒకటి. నాలుగోది కుమ్మరి తండ్రి, ఐదోది గాడిద. తండ్రి లేకపోతే కుమ్మరి లేడన్నది నిజమే. కానీ కుండను వివరించడానికి కుమ్మరి చాలు, అతని పుట్టుక దాకా పోనక్కర్లేదు. ముక్తావళి ఇక్కడితో ఆగకుండా ఇంకో మెలిక కూడా విప్పుతుంది. ఆ తండ్రి తానూ కుమ్మరై, కుమ్మరిగానే కుండకు కారణమయ్యాడంటే అందుకు అభ్యంతరం లేదట. తండ్రిగా అతను లెక్కలోకి రాడు, పనివాడిగా వస్తాడు.

కృష్ణా డెల్టాలో ఈ చర్చ పాఠశాల గోడల మధ్య మిగిలిపోయేది కాదు. విజయవాడకు దగ్గర్లో ఇబ్రహీంపట్నం పక్కనున్న కొండపల్లిలో చెక్కబొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు 16వ శతాబ్దంలో రాజస్థాన్ ప్రాంతం నుంచి వలస వచ్చారని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. ఇప్పటికీ వినాయక చవితికి నెలల ముందే రాజస్థాన్ కుటుంబాలు వచ్చి, రహదారుల పక్కన టార్పాలిన్ పందిళ్లు వేసుకుని పెద్ద పెద్ద గణపతులను పోతపోస్తుంటాయి. మొదటివాళ్లు మన కళకు గుర్తు. రెండోవాళ్లు బయటివాళ్లు. నది మనది, పండగ మనది, దేవుణ్ణి చేసేవాడు మాత్రం ఎక్కడివాడో అన్న మాట చవితి దగ్గరపడే కొద్దీ వినిపిస్తూనే ఉంటుంది. పైకి ఉపాధి గురించో కాలుష్యం గురించో అన్నట్టున్నా, లోపల ఇది ధర్మసందేహమే. చేసిన వస్తువు ఎవరికి చెందుతుంది? దేవుడి ప్రతిమ విషయంలో చేసినవాడి పుట్టుకకు విలువ ఉందా? లేదనే నా వాదం. ప్రతిమను దాని పదార్థాన్ని బట్టీ, చేసిన తీరును బట్టీ, దాన్ని ఎందుకు చేశారన్న దాన్ని బట్టీ ఎంతయినా నిలదీయవచ్చు. చేసినవాడి సొంతూరు మాత్రం కుమ్మరి తండ్రిలాగే లెక్కలోకి రాదు.

కొండపల్లి నుంచే మొదలుపెడదాం. ఇక్కడి బొమ్మకు ప్రాణం తెల్లపొణికి కర్ర. తేలికైన, మెత్తని కర్ర. చుట్టుపక్కల కొండల మీది అడవుల్లో దొరుకుతుంది. దాన్ని ఆరబెట్టి, సన్నని సెగన తేమ పోగొట్టి, బాడిసతో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. అదే మక్కుతో ముక్కూ నగా కుచ్చిళ్లూ తీరుస్తారు. పైన సున్నం పూత, ఆ పైన రంగు. పనివాళ్ల సంప్రదాయం ప్రకారం శివుడి వరం పొందిన ముక్తర్షి వాళ్ల మూలపురుషుడు. రెడ్డిరాజులు కట్టిన కొండపల్లి కోట గజపతులకూ, కృష్ణదేవరాయలకూ, కుతుబ్‌షాహీలకూ చేతులు మారుతూ వచ్చింది. దాని నీడలో ఈ పని స్థిరపడింది. వలస కథను కథగానే తీసుకున్నా నా వాదానికి లోటు లేదు, ఎందుకంటే అసలు సాక్ష్యం బొమ్మల్లోనే ఉంది. అంబారీ ఏనుగూ దశావతారాలూ ఏ ప్రాంతపు కళాకారుడైనా చేయగలిగినవే. కానీ కొండపల్లి పేరు చెప్పగానే గుర్తొచ్చే మరో బొమ్మ తాటిచెట్టు, దాని మీదికి మోకు వేసుకుని ఎక్కుతున్న గీతగాడు. ఆ పక్కన ఎడ్లబండి, ధాన్యం దంచే ఆడవాళ్లు, పల్లె బతుకు. ఇవి మూట కట్టుకుని తెచ్చుకున్నవి కావు, ఇక్కడ చూసి నేర్చుకున్నవి. సంక్రాంతికి తెలుగిళ్లలో బొమ్మల కొలువు తీర్చినప్పుడు రాముడి పక్కనే గీతగాడికీ మెట్టు దొరుకుతుంది. వచ్చినవాడు ఇక్కడి మనిషిని ఎంత శ్రద్ధగా చూశాడో చెప్పడానికి ఇంతకు మించిన పత్రం అక్కర్లేదు.

దీనికి మన దర్శనాల నుంచే గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది. సాంఖ్యులు సత్కార్యవాదులు. కార్యం పుట్టక ముందే కారణంలో ఉంటుందని, కుండ మట్టిలో దాగి ఉంటే కుమ్మరి దాన్ని బయటికి తెస్తాడంతేనని వాళ్ల మతం. స్థానికత గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు తమకు తెలియకుండానే ఈ మతంలో ఉన్నారు. కళ ఈ నేలలోనే ఉంది, ఎవడో వచ్చి దాన్ని తీశాడు, తీసినవాడికి కూలి ఇస్తే సరి, ఘనత నేలది అన్నది వాళ్ల మాటకు సారాంశం. నైయాయికులు దీనికి ఎదురు నిలుస్తారు. లేని కుండే పుట్టింది. మట్టి ఉన్నంత మాత్రాన కుండ ఉన్నట్టు కాదు, ఉంటే మట్టితోనే నీళ్లు పట్టుకునేవాళ్లం. పొణికి చెట్టు ఆ కొండల మీద బొమ్మల కంటే ముందే ఉంది. దాన్ని బొమ్మగా చూసిన కన్నూ, మక్కు ఎంత పదునులో ఉండాలో తెలిసిన వేలూ చేరాకే బొమ్మ పుట్టింది. ఈ వివాదంలో నేను నైయాయికుల పక్షమే. అలాగని పదార్థాన్ని చిన్నచూపు చూడడం లేదు. పొణికి అందడం కష్టమైన కొద్దీ కొండపల్లి పని కుంటుపడుతోంది. సమవాయి కారణం, అంటే పదార్థం పోతే ఎంతటి నిమిత్త కారణమైనా, అంటే ఎంతటి పనివాడైనా చేతులు ముడుచుకోవాల్సిందే. చెట్టూ చెయ్యీ రెండూ కావాలి. ఆ రెంటి మధ్య చెయ్యి పుట్టిన ఊరికి చోటు ఎక్కడుంది?

పదార్థం విషయంలోనైనా స్థానికత నిలుస్తుందా అంటే, అదీ నిలవదు. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్కను పీఠభూమి నల్లరాయి అరిగి, కొట్టుకొచ్చి, విజయవాడ దిగువన పరుచుకుంటేనే ఈ డెల్టా ఏర్పడింది. 1850లలో కట్టిన ఆనకట్ట గానీ, 1957లో పూర్తయిన ప్రకాశం బరాజ్ గానీ పారించిన నీళ్లు ఆ వలస మట్టి మీదే పారాయి. దివిసీమలో కుమ్మరి చెరువు గట్టున తవ్వే బంకమన్ను కూడా ఎక్కడో పడమటి కనుమల వైపు నుంచి వచ్చిందే. మన మట్టి అన్నప్పుడు మనం చెబుతున్నది ఇక్కడికి వచ్చి నిలిచిన మట్టి గురించి. ఈ తీరపు కళల చరిత్రా ఇలాంటిదే. టాలెమీ గ్రంథంలో పేరు కనిపించే ఘంటసాల రేవుకు ఓడలు వచ్చేవి. మచిలీపట్నంలో 17వ శతాబ్దపు తొలి ఏళ్లలోనే డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ వర్తక స్థానాలు పెట్టారు. గోల్కొండ పాలకుల కాలంలో పర్షియా పూలూ తీగలూ కలంకారీ బట్ట మీదికి ఎక్కాయి. ఇవాళ పెడనలో అద్దే ఆ తీగల్ని పరాయివని ఎవరూ అనరు, అనవలసిన పనీ లేదు. భౌగోళిక గుర్తింపుల కోసం 1999లో వచ్చిన చట్టం కొండపల్లి బొమ్మనూ మచిలీపట్నం కలంకారీనీ ఈ నేల పేరుతోనే నమోదు చేసుకుంది. ఆ నమోదు వస్తువు ఏ ఊళ్లో ఎలా తయారవుతుందో చూసింది గానీ, చేసేవాడి ముత్తాత ఎక్కడి నుంచి వచ్చాడని అడగలేదు.

ఇక ఈ చర్చకు నడిబొడ్డు లాంటి చోటికి వద్దాం. న్యాయదర్శనంలో కుమ్మరి మామూలు ఉదాహరణ కాదు, ఈశ్వరుణ్ణి నిరూపించడానికి ఆధారం. 10వ శతాబ్దపు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో చూపిన హేతువుల్లో మొదటిది కార్యం నుంచి కర్త దగ్గరికి నడిచేది. కుండకు చేసినవాడు ఉన్నట్టే భూమికీ చిగురుకూ చేసినవాడు ఉండాలి, అతడే ఈశ్వరుడు. ఈ ఈశ్వరుడు పరమాణువులను సృష్టించడు. అవి నిత్యాలు, అతనితో పాటు అనాదిగా ఉన్నవే. తనది కాని పదార్థాన్ని కూర్చి లోకాన్ని నిలబెడతాడు. అంటే నిమిత్త కారణం ఎప్పుడూ సమవాయి కారణానికి వేరుగానే ఉంటుంది, వేరుగా ఉండడమే దాని స్వభావం. ఏ కుమ్మరీ మట్టిలోంచి మొలవడు, మట్టి దగ్గరికి నడిచి వస్తాడు. ఆ ఊళ్లోనే పుట్టినవాడూ అలాగే వస్తాడు, వెయ్యి మైళ్ల అవతల పుట్టినవాడూ అలాగే వస్తాడు. ఒకడికి దారి పొడుగు, మరొకడికి దగ్గర. పదార్థానికి బయటివాడిగా ఉండడం వలసవచ్చినవాడి లోపం కాదు, చేసేవాడు అన్న ప్రతివాడి స్థితీ అదే. న్యాయం చెప్పే ఈశ్వరుడిదీ అదే.

అద్వైత వేదాంతులు దీన్ని ఒప్పుకోరు. బ్రహ్మమే నిమిత్తం, బ్రహ్మమే ఉపాదానం, అంటే చేసేదీ పదార్థమూ అదే, సాలీడు తనలోంచే దారం తీసినట్టు జగత్తు వచ్చిందంటారు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టిముద్ద చూపించి, ఆ ఒక్కటి తెలిస్తే మట్టితో అయినవన్నీ తెలిసినట్టేనని బోధించాడు. అయితే ఉత్తమమైన కర్త పదార్థంతో ఒకటైనవాడే కదా, ఆ నేలలో పుట్టినవాడే దానికి దగ్గర కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ వాదం ఇక్కడ పనికిరాదు. అభిన్న నిమిత్తోపాదానత వేదాంతం బ్రహ్మానికి మాత్రమే ఇచ్చిన లక్షణం. జీవుల్లో ఒక ఊరివాళ్లకు ఎక్కువా మరో ఊరివాళ్లకు తక్కువా అని పంచిపెట్టలేదు. ఉద్దాలకుడి మట్టిముద్దకు ఊరూ లేదు, చేలగట్టూ లేదు. ఆ దృష్టి నుంచి చూస్తే మార్వాడ్‌లో పుట్టినవాడూ మైలవరంలో పుట్టినవాడూ ఒకే సత్యానికి రెండు పేర్లు. న్యాయం ప్రకారం ఇద్దరూ మట్టికి బయటివాళ్లే, అద్వైతం ప్రకారం ఇద్దరూ దానికి లోపలివాళ్లే. ఒకణ్ణి లోపల పెట్టి మరొకణ్ణి వాకిట్లో నిలబెట్టడానికి ఈ రెండు దర్శనాల్లో ఏదీ దారి ఇవ్వదు.

తత్త్వం అలా ఉంచి ఆచారం చూడమంటారేమో. చూద్దాం. చవితినాడు మట్టి ప్రతిమను పీట మీద పెట్టగానే అది దేవుడు కాదు. ప్రాణప్రతిష్ఠ చేయాలి, ఆవాహన చేయాలి, ఇరవై ఒక్క పత్రులతో పూజించాలి, చివర ఉద్వాసన చెప్పాలి. దైవాన్ని పిలిచేది పూజించేవాడు, వచ్చేదీ వెళ్లేదీ ఆ పిలుపును బట్టే. చేసినవాడు రూపం ఇచ్చి తప్పుకుంటాడు. భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి ఎనిమిది రకాల ప్రతిమలను లెక్కపెట్టి చెబుతాడు. రాయి, చెక్క, లోహం దగ్గర మొదలై మట్టి, ఇసుక, మణుల మీదుగా మనసులో నిలుపుకునే రూపం దాకా అందులో ఉన్నాయి. పదార్థాల జాబితా ఉంది, చేసేవాళ్ల దేశాల జాబితా లేదు. శిల్పికి ఉండవలసిన లక్షణాలను శాస్త్రాలు చెప్పాయి కదా, వాటిలో వంశం ప్రసక్తి కూడా వస్తుంది కదా అంటే, వస్తుంది. దాన్ని ముక్తావళి చూపిన దారిలో చదువుకోవాలి. పని ఇంట్లోనే నేర్పే కాలంలో వంశం అంటే విద్య అందే దారి. తండ్రిని అడిగింది గురువుగా గానీ కన్నవాడిగా కాదు. తిరుమల క్షేత్ర కథల్లో కురువనంబి అనే కుమ్మరి ఉన్నాడు. తన ఇంట్లో పెట్టుకున్న స్వామికి మట్టితో చేసిన పూలతో పూజ చేసుకునేవాడు. తొండమాన్ చక్రవర్తి సమర్పించిన బంగారు పూల చోట ఆ మట్టిపూలే కనిపించాయని కథ. మట్టితో పూలు చేయడం అలంకారపు పనే, అవసరానికి కుండ చేయడం లాంటిది కాదు. అయినా స్వామి దాన్నే ఎత్తి పట్టుకున్నాడని తెలుగువాళ్లు తరతరాలుగా చెప్పుకున్నారు. బెంగాల్‌లో దుర్గ ప్రతిమకు కలిపే మట్టిలో వేశ్యావాటిక గడప మట్టి కూడా కలవాలని ఆచారం. సమాజం గెంటేసిన గడప నుంచే దేవి ఒంటికి మట్టి రావాలంది ఆ ఆచారం. కలకత్తాలో ఆ ప్రతిమలు చేసే కుమార్తులి కుమ్మరుల పూర్వులు కూడా కృష్ణనగర్ వైపు నుంచి పట్నానికి వలస వచ్చినవాళ్లే.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ. కొండపల్లి సరే, రహదారి పక్కన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గణపతుల సంగతేమిటి? నది పాడవుతోంది కదా? అవుతోంది, ఇందులో దాచాల్సింది లేదు. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చి, అందులోని నీటిని చాలావరకు పోగొట్టి పొడి చేస్తే ప్లాస్టర్. ఆ పొడిలో నీళ్లు కలపగానే మళ్లీ గట్టిపడి జిప్సమే అవుతుంది. నదిలో వేస్తే మట్టిలా విడిపోదు, ముక్కలుగా అడుగున పడి ఉంటుంది, పైపూత రంగులు నీళ్లలోకి దిగుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనాలకు మార్గదర్శకాలు ఇచ్చింది, 2020లో వాటిని సవరించి ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. ఆ ఆదేశం శాస్త్రానికీ సరిపోతుంది. ఉద్వాసన చెప్పిన రూపం మళ్లీ నీళ్లలో మట్టి కావాలి. తిరిగి పోలేని పదార్థంతో చేసిన ప్రతిమ ఆ పూజకు తగదు. దేవుణ్ణి పంపించేసి, ఆయన చెయ్యీ తొండమూ బరాజ్ దిగువ ఇసుకలో విరిగి పడి ఉండడం చూసి కూడా కదలని భక్తిని భక్తి అనడం కష్టం. ఇంత కఠినంగా అన్నాక కూడా, ఈ తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. దేశంలో తవ్వే జిప్సంలో దాదాపు అంతా రాజస్థాన్‌దే. కాబట్టి పదార్థమూ పనివాడూ ఒకే చోటి నుంచి వచ్చారని, రెంటినీ కలిపి తోసేయడం తేలిక. కానీ కృష్ణ ఒండ్రు కూడా బయటి నుంచి వచ్చిందే. వాటి మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చాయన్న దాంట్లో లేదు, నీళ్లలో ఏమవుతాయన్న దాంట్లో ఉంది. పదిహేను అడుగుల విగ్రహం కావాలన్నది పందిరి వేసే మన కమిటీలు. తక్కువ ధరకు, తేలిగ్గా లారీ ఎక్కేలా, కళ్లు చెదిరే రంగుల్లో కావాలన్నదీ మనమే. పెద్దదీ తేలికైనదీ చవకైనదీ ఒకేసారి అడిగితే వచ్చే జవాబు ప్లాస్టరే. స్థానికుడు పోసినా అదే అచ్చు, అదే పొడి, అదే నది. అచ్చు పోతల వల్ల గణపతులన్నీ అన్ని ఊళ్లలో ఒకేలా ఉంటున్నారన్న బాధ కూడా నిజమైనదే, కానీ అది అచ్చు తెచ్చిన దోషం, పుట్టుక తెచ్చింది కాదు.

మన కుమ్మరుల మాటేమిటన్న ప్రశ్న దీని వెంటే వస్తుంది. ఈ ప్రశ్న అడిగేవాళ్ల బాధను నేను పూర్తిగా పంచుకుంటాను. శాలివాహనులని చెప్పుకునే ఈ కులం నుంచే రామాయణం రాసిన మొల్ల వచ్చింది. స్టీలూ ప్లాస్టిక్కూ వచ్చాక కుండ ఇంటి నుంచి వెళ్లిపోయింది. కాపురానికీ కర్మకాండకూ కావలసిన నాలుగు పాత్రలూ దీపావళి ప్రమిదలూ మిగిలాయి. చెరువులు పూడ్చిన చోట బంకమన్నే కరువైంది. చవితి గణపతి వాళ్లకు దొరకగలిగిన కొద్ది ఆదాయాల్లో ఒకటి. అది ప్లాస్టర్ పందిళ్లకు పోతుంటే కడుపు మండడం సహజం. కానీ ఈ నష్టానికి మందు ఎక్కడ వెతకాలి? ప్లాస్టర్‌ను గట్టిగా ఆపి, చెరువుల్లో మట్టి తవ్వుకునే హక్కును కుమ్మరులకు నిలబెట్టి, మట్టి ప్రతిమకు న్యాయమైన ధర ఇస్తే కుమ్మరి నిలబడతాడు. వీటిలో ఏ ఒక్కటీ చేయకుండా వలస కుటుంబాన్ని తరిమితే, ఆ పొడి సంచీ మరో చేతికి మారుతుంది తప్ప మట్టి తిరిగి రాదు. ఇద్దరు పేద పనివాళ్లను ఎదురెదురుగా నిలబెట్టి, కొనేవాళ్లం పక్కకు తప్పుకోవడం ధర్మం కాదు.

నా వాదంలోనే ఒక ప్రమాదం ఉంది, దాన్ని నేనే ఎత్తి చూపాలి. గీతగాడి బొమ్మను చూపించి కొండపల్లి పనివాళ్లు మనవాళ్లయ్యారని అన్నాను. అంటే ఈ నేలను అంత అందంగా చెక్కి చూపించినవాడే ఇక్కడ ఉండడానికి అర్హుడా? నాలుగు వందల ఏళ్లు ఆగాకే మనిషికి ఊరు దక్కాలా? అలా చదివితే వాదం తలకిందులవుతుంది. వస్తువు చెందడం వేరు, మనిషి చెందడం వేరు. వస్తువును పరీక్షించవచ్చు. ఇది పొణికి కర్రా, ఇది నీళ్లలో కరుగుతుందా, ఇందులో చూపు ఉందా అని అడగవచ్చు. మనిషిని అలా అడగకూడదు. దేశంలో ఎక్కడైనా తిరిగే, నివసించే, ఏ వృత్తి అయినా చేసుకునే స్వేచ్ఛను రాజ్యాంగం 19వ అధికరణం మంచి కళాకారులకు మాత్రమే దాచిపెట్టలేదు. కృష్ణాతీరంతో ముడిపడిన మరో తాత్త్వికుడు నాగార్జునుడు. ఆయన మూలమధ్యమక కారిక మొదటి ప్రకరణంలోనే, ఏ వస్తువూ తన నుంచి తాను పుట్టదు, పరాయిదాని నుంచీ పుట్టదు అని నిరాకరిస్తాడు. ఆ నిరాకరణను న్యాయంతో కలపడానికి వీల్లేదు, ఆ రెండు దర్శనాలూ కారణం దగ్గరే తలపడ్డాయి. అయినా స్వ, పర అన్న విభజనే వస్తువుల పుట్టుకను వివరించలేదని ఆయన చేసిన హెచ్చరికను నేను ఇక్కడ తీసుకుంటాను. కొండపల్లి బొమ్మను మనదనో వాళ్లదనో తేల్చబోయిన ప్రతిసారీ ఆ బొమ్మలో సగం చేజారిపోతుంది. డెల్టా నుంచి పిల్లలు అమెరికాకూ గల్ఫుకూ వెళ్లి బతుకుతున్న కాలంలో ఈ మాట మనకు ఇంకా బాగా తెలియాలి. 1970లలో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామికి గుడి కట్టారు. ఆ గుడిలోని స్వామిని అక్కడి తెలుగువాళ్లు పరాయి నేల మీది దేవుడిగా కొలవడం లేదు.

కొండపల్లిలోనే ఇప్పుడు ఈ ప్రశ్న కొత్తగా లేస్తోంది. తండ్రి పట్టిన బాడిస పట్టడానికి ముందుకొచ్చే కొడుకులు తగ్గిపోతున్నారు. కంపెనీ జీతం, చదువు, బొమ్మ ధర చాలకపోవడం, అన్నీ కలిసి పనిని ఆ కుటుంబాల చేతుల నుంచి జార్చేస్తున్నాయి. ఆ వంశంలో పుట్టనివాళ్లు నేర్చుకుని చేస్తే అది కొండపల్లి బొమ్మ అవుతుందా అన్న సందేహం కొనేవాళ్లలో ఉంది, కొందరు పనివాళ్లలోనూ ఉంది. నాలుగు శతాబ్దాలు పనిని కాపాడిన కుటుంబాలకు దాని మీద గౌరవం, పేరు, మొదటి మాట ఉండాలి. వాళ్ల రుషి కథనూ వలస కథనూ ఆ గౌరవంలో భాగంగానే వినాలి. కానీ వాళ్లు కాపాడినది పనిని. పొణికి తేమ ఎప్పుడు పోయిందో చేత్తో పట్టి చెప్పగలిగితే, మక్కు పదును తెలిస్తే, తాటిచెట్టు మీది మనిషిని కళ్లారా చూసి చెక్కగలిగితే, ఆ చెక్కినమ్మాయి ఏ కులంలో ఏ జిల్లాలో పుట్టిందన్నది ముక్తావళి నాలుగో అన్యథాసిద్ధం. పెద్దలు ఆమెకు కన్నవాళ్లుగా అక్కర్లేదు, నేర్పేవాళ్లుగా కావాలి. ఆ కొండల మీద పొణికి మొక్కలు నాటి పెంచడం, నేర్పే చేతులకు నేర్పినంత కాలం జీతం ఇవ్వడం ముందు జరగాలి. ఆ పనికి వచ్చేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చినా రానివ్వాలి.